ఎఱ్ఱ కార్లు - వాటి వేగము, వాటి వెల

తెనాలి జంక్షనులో రేపల్లె బండి ఎక్కిన ప్రయాణికుడు వేమూరు, భట్టిప్రోలు మీదుగా సుమారు 34 కిలోమీటర్లు పోయి గమ్యము చేరుతాడు. దారి పొడుగునా కాలువలు, వరిచేలు, అరటితోటలు. 1966వ సంవత్సరంలో అమెరికాలో తయారైన కొన్ని కార్లకు తగిన రోడ్డు దొరికితే ఈ దూరము పావుగంట పని. అటువంటి కార్లు నేడు పాతబడి, వేలము పాటలలోను, పాత కార్ల వర్తకుల వద్దను అమ్మకానికి వస్తూ ఉంటవి. వాటిని ప్రేమించి కొనేవారు ప్రపంచమంతటా ఉన్నారు. అమ్మకపు ప్రకటనలో మూడు సంగతులు తప్పక కనిపిస్తవి: కారు రంగు, ఇంజను అశ్వశక్తి, వెల. అభిమానులు ముందుగా వెదికే రంగు ఎఱుపు.

ఆ ప్రకటనలో కనిపించని సంగతి మరొకటి ఉన్నది. అంత అశ్వశక్తిని సాధ్యము చేసిన పెట్రోలులో ఒక విషము కలిసి ఉండేది. కారు కొన్నవాడు దాని కోసము ప్రత్యేకముగా ఏమీ చెల్లించలేదు. రోడ్డు పక్కన ఆడుకొన్న పిల్లలు చెల్లించారు. ఎఱ్ఱ కారు చరిత్ర చదివేవారు ఈ రెండు వెలలను కలిపి చదువుకోవలసి ఉన్నది.

అమెరికా బండ్లు మన ప్రాంతానికి వచ్చిన విధము

ఫోర్డు కంపెనీ 1926లో మన దేశంలో శాఖను నెలకొల్పి, మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలలో కార్లను, లారీలను విడిభాగాల నుండి కూర్చి అమ్మసాగినది. 1928లో జనరల్ మోటార్సు సంస్థ బొంబాయిలో అదే పని ఆరంభించి షెవ్రొలే బండ్లను తయారు చేసినది. ఆ కాలపు మద్రాసు రాజధానిలో గుంటూరు జిల్లా ఒక భాగము. కనుక తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాలకు మద్రాసు దూరపు ఊరు కాదు. అమెరికా చట్రముపై కఱ్ఱతో పెట్టె కట్టించిన బస్సులు తెలుగు జిల్లాల రోడ్లపై తిరిగినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరవైనప్పుడు ఇటువంటి బస్సులకే వెనుక బొగ్గు కుంపటి వంటి యంత్రమును తగిలించి, బొగ్గు వాయువుతో నడిపించారు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, విడిభాగాలు కూర్చుట చాలదు, వాహనములు ఇక్కడనే తయారు కావలెనని ప్రభుత్వము నిర్ణయించినది. దానితో 1954 నాటికి ఈ రెండు అమెరికా సంస్థలు ఇక్కడి పని చాలించుకొన్నవి. ఆ తరువాత అమెరికాలో పుట్టిన మహావేగపు కార్లు మన బజారులో అమ్మకానికి రాలేదు. అయినా పాత అమెరికా బండ్లు కొన్ని మిగిలినవి. అందులో తెలుగువారందరూ ఎరిగినది ఒకటి: 1982లో ఎన్.టి. రామారావు ఎన్నికల ప్రచారానికి వాడిన "చైతన్య రథము". అది మార్పులు చేసిన పాత షెవ్రొలే వ్యాను. దశాబ్దాల క్రితపు అమెరికా ఇంజను రాష్ట్రమంతటా తిరిగి నిలువగలిగినదంటే, ఆ ఇంజనులు ఎంత దృఢముగా ఉండేవో ఊహించవచ్చును.

ఎఱుపు రంగు ఎక్కడిది?

1908లో వెలువడిన ఫోర్డు "మోడల్ టి" కారు మొదటి రోజులలో ఎఱుపు, బూడిద, ఆకుపచ్చ రంగులలో దొరికేది. 1914 నుండి 1925 వరకు మాత్రము నల్లకారు తప్ప మరొకటి దొరకలేదు. నల్లరంగు చవకైనది, మన్నికైనది. తక్కిన రంగులను పొరమీద పొరగా పూసి, ప్రతి పొర ఆరే వరకు ఆగవలసి వచ్చేది. ఒక కారుకు రంగు వేయుటకు వారాలు పట్టేది. గంటకు వందల కార్లు చేసే కర్మాగారంలో వారాలపాటు కార్లను ఆరబెట్టుటకు చోటేది?

ఈ చిక్కును రసాయన శాస్త్రము విడదీసినది. డూపాంట్ సంస్థ పత్తి నారలోని సెల్యులోజును నత్రికామ్లముతో చర్య పొందించి, దాని నుండి "డ్యూకో" అను మెరుగు రంగును తయారు చేసినది. 1924 మోడలు ఓక్లాండ్ కార్లకు దానిని మొదటగా వాడారు. వారాలు పట్టిన పని గంటలలో ముగిసినది. అప్పటి నుండి ఏ రంగు కారయినా వేగముగా తయారు కాసాగినది. ఎఱుపు తిరిగి వచ్చినది.

అయితే ఎఱుపుకు ఒక బలహీనత ఉన్నది. ఎఱ్ఱని పదార్థము ఎఱ్ఱ కాంతిని తిప్పికొట్టి, నీలము, ఆకుపచ్చ కాంతులను తనలో ఇముడ్చుకొంటుంది. పొట్టి తరంగముల నీలకాంతిలో శక్తి ఎక్కువ. ఆ శక్తి చాలాకాలము తగులుతూ ఉంటే రంగు అణువులలోని బంధములు తెగి, ఎఱుపు వెలిసి గులాబీ రంగుకు దిగుతుంది. సూర్యలంక తీరపు ఎండలో పెట్టిన ఎఱ్ఱ ప్లాస్టిక్ కుర్చీ రెండేళ్లకు ఏమవుతుందో బాపట్ల విద్యార్థులు ఎరుగుదురు. 1958లో డూపాంట్ సంస్థయే వెలువరించిన క్వినాక్రిడోన్ అను కొత్త జాతి రంగులు ఎండకు బాగా ఓర్చుకొన్నవి. పాత కారు మీది ఎఱుపు అసలుదా, తరువాత పూసినదా అని పరీక్షించేవారికి ఈ తేడాలు నేటికీ ఆధారములు.

అశ్వశక్తి రహస్యము

సైకిలు పంపుతో ట్యూబుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట అందరికీ అనుభవమే. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. పెట్రోలు ఇంజనులోను ఇదే జరుగుతుంది. పిస్టను కిందికి దిగి గాలిని, పెట్రోలు ఆవిరిని లోనికి పీలుస్తుంది. పైకి లేచి ఆ మిశ్రమమును ఒత్తుతుంది. స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ దానిని అంటిస్తుంది. మండిన వాయువు పిస్టనును కిందికి తోస్తుంది. మిశ్రమము తన మొదటి పరిమాణములో ఎన్నవ వంతుకు ఒత్తబడినదో తెలిపే సంఖ్యను సంపీడన నిష్పత్తి అంటారు. 8 పాళ్ల మిశ్రమము 1 పాలుగా ఒత్తబడితే నిష్పత్తి 8.

ఎంత ఎక్కువ ఒత్తితే అదే పెట్రోలు నుండి అంత ఎక్కువ పని లభిస్తుంది. ఆదర్శ ఇంజనుకు లెక్క కట్టి చూడవచ్చును. నిష్పత్తి 4 అయితే, ఇంధనములోని వేడిలో సుమారు 43 శాతము పనిగా మారుతుంది. 7.25 అయితే సుమారు 55 శాతము. 10.75 అయితే సుమారు 61 శాతము. నిజమైన ఇంజనులలో రాపిడి మొదలగు నష్టముల వలన లభించేది ఇంతకంటె చాల తక్కువ. కాని పెరుగుదల దిశ మాత్రము ఇదే.

మరి మొదటి నుండి నిష్పత్తిని 10కి ఎందుకు పెంచలేదు? అడ్డము వచ్చినది ఒక చప్పుడు. ఎక్కువ ఒత్తిన మిశ్రమము ఎక్కువ వేడెక్కుతుంది. 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లోనికి వచ్చిన గాలి, నిష్పత్తి 4 అయినప్పుడు ఆదర్శ లెక్క ప్రకారము సుమారు 250 డిగ్రీలకు, 10.75 అయినప్పుడు సుమారు 500 డిగ్రీలకు చేరుతుంది. నిప్పురవ్వ నుండి బయలుదేరిన మంట సిలిండరు చివరకు చేరకముందే, అక్కడ మిగిలి ఉన్న మిశ్రమము తనంతట తానే భగ్గుమంటుంది. పిస్టను తలపై సుత్తితో మోదినట్లు టకటక చప్పుడు వస్తుంది. దీనినే నాకింగ్ అంటారు. బలము తగ్గుతుంది, పిస్టను పాడవుతుంది. 20 అశ్వశక్తి గల మోడల్ టి కారు నిష్పత్తి 4, 4.5ల దగ్గర ఆగిపోవుటకు ఆ కాలపు పెట్రోలు గుణమే ముఖ్య కారణము.

సీసము వచ్చిన కథ

జనరల్ మోటార్సు పరిశోధనశాలకు అధిపతి చార్లెస్ కెటరింగ్. ఆయన కింద పనిచేసిన థామస్ మిడ్గ్లీ వందల పదార్థములను పెట్రోలులో కలిపి చూచి, 1921 డిసెంబరు 9న టెట్రా ఇథైల్ లెడ్ అను సీసపు ద్రవము నాకింగును అణచివేస్తుందని కనుగొన్నాడు. గాలనుకు కొద్ది గ్రాములు చాలును. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రములోని డేటన్ పట్టణంలో ఒక పెట్రోలు బంకు దీనిని మొదటిసారి అమ్మినది. ఆ ఏడాదే ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెములో మొదటి మూడు స్థానములు సీసపు పెట్రోలు పోసుకొన్న కార్లకు దక్కినవి. మామూలు పెట్రోలు నుండి గుర్తుపట్టుటకు దీనిలో ఎఱ్ఱ రంగు కలిపేవారు. ఎఱ్ఱ కారు కంటె ముందు ఎఱ్ఱ పెట్రోలు ప్రసిద్ధి కెక్కినది.

ఇక్కడ జ్ఞాపకముంచుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. మద్యసారము, అనగా ఇథైల్ ఆల్కహాలు, నాకింగును అణుస్తుందని కెటరింగునకు, మిడ్గ్లీకి తెలియును. తమ ప్రయోగములలోనే వారు దానిని చూచారు. కాని ఆల్కహాలును పెద్ద పాళ్లలో కలపవలసి ఉంటుంది. దానిని ఎవరైనా తయారు చేసుకోవచ్చును, పేటెంటు దొరకదు. సీసపు ద్రవము కొద్దిగా చాలును, పేటెంటు దొరుకుతుంది, చవక. 1924లో దానిని అమ్ముటకు ఇథైల్ కార్పొరేషను అను సంస్థ ఏర్పడినది. ఆ పేరులో సీసము అన్న మాట లేదు.

సీసము విషమని లోకము ఎరుగనిది కాదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే వద్ద ఈ ద్రవమును తయారు చేస్తున్న కర్మాగారంలో పనివారు మతి చలించి, వణుకుతో కుప్పకూలారు. 5 మంది మరణించారు. మరెందరో ఆస్పత్రి పాలయినారు. అంతకు ముందు సీసపు విషము సోకి చికిత్స పొందిన మిడ్గ్లీ, పత్రికా విలేఖరుల ఎదుట ఆ ద్రవముతో చేతులు కడుగుకొని, దాని ఆవిరిని పీల్చి చూపించి భయము లేదన్నాడు. 1925లో అమ్మకము ఆపి ప్రభుత్వము సభ జరిపినది. హార్వర్డు విశ్వవిద్యాలయపు తొలి మహిళా అధ్యాపకురాలు, వృత్తి వ్యాధుల నిపుణురాలు అయిన ఆలిస్ హామిల్టన్ దీనిని గట్టిగా వ్యతిరేకించినది. పొగలో వెలువడే సీసము ఊరంతటికీ చేరుతుందన్నది ఆమె భయము. కాని విష ఫలితములు ప్రజలలో రుజువు కాలేదన్న కారణముతో 1926లో అమ్మకము తిరిగి సాగినది. ప్రమాదము లేదని అమ్మేవాడు రుజువు చేయనక్కరలేదు, ఉన్నదని తక్కినవారు రుజువు చేయవలెను అన్న ఈ పద్ధతి ఆ తరువాత సుమారు 40 ఏళ్లు నిలిచినది.

అశ్వశక్తి పందెము

ఇంధనము గుణమును కొలుచుటకు 1920ల చివర ఆక్టేన్ సంఖ్య ఏర్పడినది. ఐసో ఆక్టేనుకు 100, నార్మల్ హెప్టేనుకు 0 అని నిర్ణయించి, వీటి మిశ్రమముతో పెట్రోలును పోల్చి చూస్తారు. సీసము కలిపిన కొద్దీ ఈ సంఖ్య పెరిగినది, దానితో సంపీడన నిష్పత్తి పెరిగినది, దానితో అశ్వశక్తి పెరిగినది.

1932లో ఫోర్డు సంస్థ సామాన్యులు కొనగలిగిన వెలకు వి-8 ఇంజనును ఇచ్చినది. నాలుగేసి సిలిండర్లు రెండు వరుసలుగా, ఇంగ్లీషు వి అక్షరము ఆకారంలో అమరి ఉండుట చేత దానికి ఆ పేరు. బలము 65 అశ్వశక్తులు. 1949లో ఓల్డ్స్‌మొబైల్ రాకెట్ 88 కారు 7.25 నిష్పత్తితో 135 అశ్వశక్తులకు చేరినది. 1953 జూను 30న ఫ్లింట్ పట్టణంలో మొదటి షెవ్రొలే కార్వెట్ బయటకు వచ్చినది. గాజు నారతో చేసిన ఒడలు దాని విశేషము. ఆ ఏడాది చేసిన 300 కార్లూ బయట తెలుపు, లోపల ఎఱుపు. బయట ఎఱుపు మరుసటి ఏడాది వచ్చినది. 1955లో క్రైస్లర్ సి-300 కారు పేరుకు తగినట్లు 300 అశ్వశక్తులు చూపినది. అది దొరికిన మూడు రంగులలో ఎఱుపు ఒకటి.

1964 మోడలు పోంటియాక్ జి.టి.ఓ. మరొక మెట్టు. మధ్యరకపు కారులో పెద్ద కారు ఇంజనును ఉంచుటే అందలి ఉపాయము. 6.4 లీటర్ల ఇంజను, నిష్పత్తి 10.75, బలము 325 అశ్వశక్తులు. ఇందుకు అదనముగా చెల్లించవలసినది 295 డాలర్లు మాత్రమే. ఆ ఏడాది 32,450 మంది కొన్నారు. అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డు ముస్టాంగ్ అడుగు పెట్టినది. మొదలు వెల 2,368 డాలర్లు. మొదటి రోజుననే 22,000 మందికి పైగా కొనుటకు ఒప్పుదల చేసుకొన్నారు. దాని ఎఱుపుకు కంపెనీ పెట్టిన పేరు "రంగూన్ రెడ్". కూలికి, వర్తకానికి ఓడలెక్కి రంగమునకు వలస పోయిన కోస్తా తెలుగువారి సంతతికి ఈ పేరు వింతగా తోచవచ్చును. 1966లో క్రైస్లర్ వారి 7 లీటర్ల హెమీ ఇంజను 425 అశ్వశక్తులతో రోడ్డుకు వచ్చినది. అర్ధగోళాకారపు దహన కుహరము ఉండుట వలన దానికి హెమీ అని పేరు.

మోడల్ టి నాటి 20 నుండి 425 వరకు పెరిగిన ఈ సంఖ్యలో ఇంజనీర్ల ప్రతిభ ఎంతో ఉన్నది. పెద్ద కవాటములు, మేలైన లోహములు, చక్కని కార్బ్యురేటర్లు అన్నీ తోడ్పడినవి. కాని 10కి మించిన నిష్పత్తి ఆనాటి పెట్రోలులోని సీసము మీద ఆధారపడినది.

వెల ఎవరు చెల్లించారు?

సిలిండరులోనే సీసము పేరుకొనిపోతే ఇంజను పాడవుతుంది. అందుచేత దానిని బయటకు తరిమే బ్రోమిను, క్లోరిను సమ్మేళనములను కూడ పెట్రోలులో కలిపేవారు. ఆ విధముగా సీసము ఆవిరియై పొగగొట్టము నుండి గాలిలోనికి పోయేది. అది పొరపాటున జరిగినది కాదు. ఏర్పాటే అది.

దీనిని మన దారికి అన్వయించి లెక్క వేయవచ్చును. ఆ కాలపు అమెరికా పెట్రోలులో గాలనుకు 2 గ్రాములకు పైగా, అనగా లీటరుకు అర గ్రామునకు మించి సీసము ఉండేది. జి.టి.ఓ. వంటి కారు లీటరుకు సుమారు 5 కిలోమీటర్లు నడుస్తుందనుకొందాము. తెనాలి నుండి రేపల్లెకు పోయి తిరిగి వచ్చుటకు 70 కిలోమీటర్లు, 14 లీటర్లు. ఒక్క ప్రయాణానికి 7 గ్రాములకు పైగా సీసము. అందులో అధిక భాగము కాలువ నీటిపైన, గట్టుపైన, చేలపైన, ఇండ్ల అరుగులపైన రాలుతుంది. సీసము మూలకము. కుళ్లదు, కాలదు, మాయము కాదు. అమెరికాలో ఇటువంటి ప్రయాణములు రోజుకు కోట్ల కొలది జరిగినవి.

దీనిని కనిపెట్టినవాడు వేరొక ప్రశ్న కోసము వెదుకుతున్నాడు. క్లెయిర్ పాటర్సన్ అను భూరసాయన శాస్త్రజ్ఞుడు ఉల్కలలోని సీసపు ఐసోటోపులను కొలిచి, 1956లో భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరములని ప్రకటించాడు. ఆ కొలతలు చేసేటప్పుడు ప్రయోగశాలలో ఎక్కడ చూచినా సీసమే కనిపించి లెక్కలు చెడినవి. గదిని అతిశుభ్రముగా చేసిన తరువాతనే ఫలితము వచ్చినది. ఆ సీసము ఎక్కడిదని ఆయన వెంటపడ్డాడు. సముద్రపు పై పొరలలో సీసము ఎక్కువ, లోతున తక్కువ. గ్రీన్‌లాండ్ మంచులో పాత పొరలలో తక్కువ, కొత్త పొరలలో ఎక్కువ. మనుష్యుని ఒంటిలో సీసము ఉండుట సహజమని అంతవరకు పెట్రోలు పరిశ్రమ తరపు వైద్యుడు రాబర్ట్ కెహో చెబుతూ వచ్చాడు. అందరిలో కనిపించుట వేరు, సహజముగా ఉండుట వేరు అని 1965లో పాటర్సన్ చూపించాడు.

1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అను వైద్యుడు పిల్లల ఊడిన పాలపళ్లను సేకరించి, అందులోని సీసమును కొలిచాడు. పళ్లలో సీసము ఎక్కువ ఉన్న పిల్లలు తెలివి పరీక్షలలో వెనుకబడినారు. తరగతిలో వారి మనస్సు నిలకడ తక్కువని ఉపాధ్యాయులు చెప్పిన మాటలు ఆ కొలతలతో సరిపోయినవి. ఆ పిల్లలెవరూ జబ్బుపడిన పిల్లలు కారు. చూపునకు ఆరోగ్యవంతులే. సీసము శరీరంలో కాల్షియము వలె నటించి ఎముకలలోను, పెరిగే మెదడులోను చోటు చేసుకొంటుంది. ఇంత వరకైతే హాని లేదనదగిన పరిమితి ఏదీ లేదని నేటి వైద్యశాస్త్ర నిర్ణయము. తరగతిలో మందుడని పేరు పడిన పిల్లవాని విషయంలో ఉపాధ్యాయుడు తొందరపడి తీర్పు చెప్పరాదనుటకు ఇంతకంటె బలమైన ఉదాహరణ అరుదు.

పందెము ముగియుట

1970లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టమును చేసినది. 1971 మోడళ్ల నుండి కంపెనీలు సంపీడన నిష్పత్తిని తగ్గించినవి. భీమా సంస్థలు మహావేగపు కార్లకు ఎక్కువ రుసుము అడిగినవి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు నూనె ఎగుమతిని ఆపుట వలన పెట్రోలు కరవు వచ్చినది. 1975 మోడళ్లలో పొగను శుద్ధి చేసే ఉత్ప్రేరక పరికరములు చేరినవి. వాటిలోని ప్లాటినమును సీసము పనికి రాకుండా చేస్తుంది కనుక సీసము లేని పెట్రోలు తప్పనిసరి అయినది. అమెరికావారి రక్తంలో సగటు సీసము 1976-80 నడుమ డెసిలీటరుకు 12.8 మైక్రోగ్రాములు. 1988-91 నాటికి అది 2.8కి పడిపోయినది. 1996 జనవరి 1 నుండి అక్కడి రోడ్డు వాహనములకు సీసపు పెట్రోలు పూర్తిగా నిషిద్ధము.

మన దేశంలో 1995 ఏప్రిల్ 1న నాలుగు మహానగరములలో సీసము లేని పెట్రోలు ప్రవేశపెట్టబడినది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా అదే అమలులోనికి వచ్చినది. తెనాలి, బాపట్ల, రేపల్లె పెట్రోలు బంకులకు కూడ సీసపు కాలము అంతటితో ముగిసినది. ఈ ఊళ్లకు మహావేగపు ఎఱ్ఱ కార్లు రాకపోయినా, వాటికోసము కనిపెట్టిన సీసము మాత్రము స్కూటర్ల ద్వారా, కార్ల ద్వారా దశాబ్దాలపాటు వచ్చినది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో దీనిని మానివేసినది.

సీసము లేకుండా అశ్వశక్తి రాదా?

ఈ ప్రశ్నకు తరువాతి కార్లే సమాధానము చెప్పినవి. 2016లో మన దేశంలో అధికారికముగా అమ్మకానికి వచ్చిన ఫోర్డు ముస్టాంగ్ 5 లీటర్ల వి-8 ఇంజను సంపీడన నిష్పత్తి 11. 1964 నాటి జి.టి.ఓ. కంటె ఇది ఎక్కువ. ఇంధనమును గణక యంత్రము కొలిచి చిమ్ముతుంది. నాకింగ్ మొదలయిన క్షణముననే ఒక చిన్న పరికరము దానిని విని నిప్పురవ్వ వేళను సవరిస్తుంది. పెట్రోలు శుద్ధి కర్మాగారములు మేలైన హైడ్రోకార్బనులతో ఆక్టేన్ సంఖ్యను పెంచుతున్నవి. 2023లో డాడ్జి సంస్థ చేసిన ఛాలెంజర్ డీమన్ 170 అను కారు 1,025 అశ్వశక్తులు చూపినది. అంత బలము కోసము అది తాగినది 85 పాళ్ల వరకు ఆల్కహాలు గల ఇంధనము. కెటరింగ్, మిడ్గ్లీలు ఎరిగియు పక్కన పెట్టిన ఆల్కహాలే అది.

మన దేశంలో 2025 నాటికి పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపు స్థితి వచ్చినది. చెఱకు మడ్డి, మొక్కజొన్న, నూకలు అందుకు ముడిపదార్థములు. తెనాలి రైసు మిల్లులలో రాలే నూకల వంటివాటి నుండి నాకింగును అణచే ద్రవము తయారగుట కృష్ణా డెల్టా విద్యార్థికి ఆసక్తి కలిగించే పాఠము. దీనికీ దీని లెక్కలు ఉన్నవి. ఇథనాలులో లీటరుకు లభించే వేడి పెట్రోలు కంటె తక్కువ. దానికి కావలసిన పంటలు నేలను, నీటిని కోరుతవి. పాత బండ్ల రబ్బరు గొట్టములకు అది పడకపోవచ్చును. కొత్త ఇంధనము వచ్చినప్పుడు దాని వెల ఎవరు ఎక్కడ చెల్లిస్తున్నారని మొదటి రోజుననే అడుగుట సీసపు చరిత్ర నేర్పిన అలవాటు.

పాత ఎఱ్ఱ కారును ఎదుట నిలుపుకొన్నవాడు

1960ల నాటి అమెరికా కారును నేడు కొనేవాడు రంగు ఒక్కటే చూచి మోసపోరాదు. ఆ ఇంజనులలో కవాటము కూర్చునే పీటలకు సీసపు పూత రక్షణగా ఉండేది. సీసము లేని పెట్రోలుతో ఎక్కువ వేగముగా నడిపితే అవి అరుగుతవి. అందుచేత గట్టి లోహపు పీటలు వేయించవలసి ఉంటుంది. నిష్పత్తి 10 దాటిన ఇంజనుకు ఎక్కువ ఆక్టేన్ సంఖ్య గల పెట్రోలు కావలెను. పాత రంగును గీకేటప్పుడు మరొక జాగ్రత్త అవసరము. ఇనుము తుప్పు పట్టకుండ పూర్వము పూసే అడుగు పూతలో తరచుగా ఎఱ్ఱ సీసము, అనగా సింధూరము ఉండేది. దాని దుమ్ము పీల్చరాదు. మన దేశంలో 50 ఏళ్లు దాటిన మోటారు బండ్లను పురాతన వాహనములుగా ప్రత్యేకముగా నమోదు చేయుటకు 2021లో నియమములు వచ్చినవి. వాటిని నిత్యపు రాకపోకలకు వాడరాదు, ప్రదర్శనలకు మాత్రము తీసుకొని పోవచ్చును.

ఇట్టి కారు అందమైనది అనుటలో సందేహము లేదు. అందులో ఒక తరపు ఇంజనీర్ల నేర్పు, పనివారి శ్రమ ఇమిడి ఉన్నవి. దానిని కాపాడుకొనుట చరిత్రను కాపాడుకొనుటే. దాని పక్కనే సీసపు కథను కూడ చెప్పగలిగినప్పుడు ఆ చరిత్ర పూర్తి అవుతుంది.

సీసము మన మధ్య నుండి పూర్తిగా పోలేదు. పెట్రోలు నుండి పోయినది కాని బ్యాటరీలలో ఉన్నది. ఇండ్లకు వేసే రంగులలో దానిని 10 లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించనీయరాదని 2017 నవంబరు నుండి నియమము అమలులో ఉన్నది. పాత బడి తలుపులపై, కిటికీ ఊచలపై అంతకు ముందటి రంగులు ఇంకను ఉండవచ్చును. పాత బ్యాటరీలను పగలగొట్టి సీసము కరిగించే చోట పిల్లలను దూరముగా ఉంచుట, రాలిన పాత రంగును తడిగుడ్డతో తుడిచి ఎత్తుట, అన్నానికి ముందు పిల్లలు చేతులు కడుగుకొనేటట్లు చూచుట - ఈ మూడును ఏ పాఠశాలలోనైనా ఖర్చు లేకుండ జరుగగల పనులు.